నడుం నొప్పి సంగతి

ప్రియమైన అమ్మకు,

అస్సలాము అలైకుమ్. నీ పెద్ద కూతురు సలాములు చెప్పి రాస్తున్నది. అల్లా దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నువ్వూ, నాన్నా, చెల్లీ కూడా బాగున్నారనే అనుకుంటూ కలం పట్టాను. నాన్నకు దగ్గు తగ్గిందని రాశావు. నువ్వు తగ్గిందని రాసే తీరు నాకు తెలియనిదా? నిజంగా తగ్గిందో లేదో ఈసారి చెల్లి చేత రాయించు.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. జవాబు రాలేదని అలిగి ఉంటావు. ముందు ఇదంతా చదువు, తర్వాత తీరిగ్గా అలుగుదువుగాని.

అల్లుడు చిక్కాడా అని అడిగావు. చిక్కలేదు. ఈ నెలలోనే చొక్కా బొత్తాలు రెండు ఊడిపోయాయి, తప్పు దారానిది కాదు. నీ మనవరాలికి పైపన్ను ఊడింది. ఆ సందులోంచి గాలి తన్నుకొచ్చి, ఖురాన్‌లో సూరా చదవమంటే మధ్యమధ్యలో ఈల వస్తోంది. దానికి నవ్వు, నాకు కోపం, మా ఇద్దర్నీ చూసి మీ అల్లుడికి నవ్వు. నువ్వు పంపిన గౌను పొడుగైంది. పరవాలేదు, వచ్చే ఏడాదికి సరిపోతుంది.

తల మీద గుడ్డ చూసి అక్కడివాళ్ళు వింతగా అనుకోరు కదా అని కూడా అడిగావు. అనుకోరమ్మా. మా బైండింగు షాపులో ఆడామగా అందరికీ తలగుడ్డ ఉంటుంది. పుస్తకాల అంచులు కోసే కటింగు మిషను పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితం పొట్టు చిమ్ముతూనే ఉంటుంది. గుడ్డ లేకపోతే ఇంటికి వెళ్ళేసరికి జుట్టంతా నెరిసినట్టవుతుంది. నేను చేరిన రోజున, అక్కడ అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ నన్ను చూసి, "ఈ పిల్లకి పని తెలుసే, ముందే కట్టుకొచ్చింది!" అని మెచ్చుకుంది. నా పేరు విని ఏదో పువ్వు పేరనుకున్నారు. మనవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. మసీదుకు రెండు బస్సులు మారాలి, మీ అల్లుడు శుక్రవారాలు వెళ్ళొస్తున్నారు. నమాజు ఎలా చేస్తారో కళ్ళారా చూసిన మనిషి మా షాపులో ఒక్కరూ లేరు.

పెద్దక్క గురించి కొంచెం రాశాను కదా, ఇంకాస్త చెప్పాలి. వయసు యాభై దాటింది. అందరికీ పని పంచేది ఆవిడే, తిట్టేదీ ఆవిడే. ఓనరు కూడా ఆవిడ దగ్గర గొంతు తగ్గించే మాట్లాడతాడు. ఆవిడ పక్కన అచ్చయిన కాగితాలు, అదే ఫారాలు, మడిచే ఆమెను అందరూ మౌనవ్రతం అంటారు, నిద్రలో కూడా నోరు మూతపడదు కాబట్టి. కటింగు మిషను నడిపే ఆయన కత్తి బాబాయి. చూస్తే భయం వేస్తుంది కానీ, చీమను కూడా పక్కకు జరిపి కాలు పెట్టే మనిషి. మిగతావాళ్ళ సంగతి ఇప్పుడు అవసరం లేదు.

ఇక నీ ఉత్తరం రెండో పేజీ. "మధ్యాహ్నం జొహర్ నమాజుకు నీకొక గది ఇచ్చి, చాప కూడా వేయించారని రాశావు. మన సంగతి తెలియనివాళ్ళయినా ఎంత మంచి మనసు! ఆ పెద్దావిడకు నా సలాం చెప్పు. రోజూ ఆమె కోసం దుఆ చేస్తున్నాను" అని రాశావు. అది చదివి నేను అన్నం ముందునుంచి లేచి చెయ్యి కడిగేసుకున్నాను. అమ్మా, గది లేదు. చాపా లేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎందుకంటే నేను ఎవరినీ ఏమీ అడగలేదు. నువ్వు దిగులు పడతావని మొదటి ఉత్తరంలో ఒక గది రాశాను, రెండో ఉత్తరంలో అందులో చాప వేశాను. ఇంకో ఉత్తరం రాసి ఉంటే కిటికీకి తెర కూడా కట్టేదాన్నేమో.

ఉన్నది స్టోరు రూము. కప్పు దాకా కాగితం కట్టలు. రెండు దొంతరల మధ్య ఒక మనిషి పట్టే సందు, అదృష్టం కొద్దీ అది సరిగ్గా మక్కా దిక్కుకు, ఖిబ్లా వైపే ఉంది. అందరూ అన్నం తినే వేళకు నేను కుళాయి దగ్గర చేతులూ కాళ్ళూ కడిగి వజూ చేసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న దుప్పటి ముక్క పరిచి, దొంగలా నాలుగుసార్లు నిలబడి వంగి, నాలుగు రకాతులు ముగించి వచ్చేదాన్ని. కాళ్ళు ఎందుకు కడుక్కుంటున్నావని మౌనవ్రతం అడిగితే అరికాళ్ళు మంటలన్నాను.

ఎందుకు దాచావంటావు. తిడతారని కాదు, పనిలోంచి తీసేస్తారనీ కాదు. నవ్వుతారేమోనని. అంతే. మా చిన్నప్పుడు నువ్వు మమ్మల్ని తీసుకుని రైలు కోసం కూర్చున్నప్పుడు ప్లాట్‌ఫారం మీద శాలువా పరిచి, కూలీని పిలిచి, "బాబూ, ఈ పెట్టె కాస్త చూస్తూ ఉండు, పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి, అక్కడే నిలబడి నమాజు చేశావు. అంతమంది చూస్తుంటే నేను సిగ్గుతో చెల్లి వెనక నక్కాను. ఆ సిగ్గు నాతోపాటే పెరిగి పెద్దదయిందని ఈ ఊరు వచ్చాకే తెలిసింది.

చేరిన రెండో వారంలో పెద్దక్క దారం ఉండ కోసం స్టోరు రూములోకి వచ్చి నన్ను చూసేసింది.

"ఏం చేస్తున్నావే నేల మీద?"

"నడుం నొప్పి పెద్దక్కా. డాక్టరు చెప్పిన కసరత్తు" అన్నాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట! పైగా మా షాపులో నడుం నొప్పి అంటే నమ్మనివాళ్ళు ఉండరు. రోజంతా వంగి ఫారాలు మడిచేవాళ్ళం, వంగి కుట్టేవాళ్ళం, వంగి కట్టలు ఎత్తేవాళ్ళం. అందరి నడుములూ అరిగిపోయినవే. ఇంకేదైనా చెప్పి ఉంటే అనుమానించేవాళ్ళేమో.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. నేను కట్ట ఎత్తబోతే పెద్దక్క లాక్కుని తానే మోసింది. "చిన్నవయసులోనే నడుం పోగొట్టుకుంటావా? అవతలికి పో" అని తిట్టి మరీ మోసింది. ఒకరోజు కాదు, నాలుగు నెలలు! కత్తి బాబాయి తన ఎత్తు స్టూలుకు వెనక చెక్క కొట్టించి నాకిచ్చి, తను నిలబడి పనిచేయసాగాడు. మౌనవ్రతం వాళ్ళ అత్తగారు కాచిన నూనె సీసా తెచ్చి, రాసుకున్నావా లేదా అని రోజూ వాసన చూసేది. ఆ వాసనకు మీ అల్లుడు వారం రోజులు కిటికీలు తెరుచుకుని కూర్చున్నారు. "నిజం చెప్పెయ్యరాదూ, నా ముక్కైనా బతుకుతుంది" అని ఆయన మొదటిరోజే అన్నారు. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అంటూ గడిపాను. ఇంతలో నేను చెప్పలేనంత దూరం పోయింది.

ఎంత దూరమంటే, ఒక మధ్యాహ్నం నేను అల్లాహు అక్బర్ అని తక్బీరు చెప్పి చేతులు కట్టుకునేసరికి వెనక ఏదో అలికిడి. నేను వంగితే వెనక ఇద్దరు వంగారు. నేను నుదురు నేలకానించి సజ్దాలోకి వెళితే వెనక దబ్బుమని చప్పుడు, "అబ్బా, మోకాలు!" అని మౌనవ్రతం గొంతు. నమాజు ముగించి చూద్దును కదా, నా దుప్పటి ముక్క వెనక అట్టముక్కలు పరుచుకుని పెద్దక్కా, మౌనవ్రతమూ కూర్చుని ఆయాసపడుతున్నారు.

"నీకు గుణం కనబడుతోంది కదే. ముఖం తేటగా ఉంటోంది. మేమూ చేస్తాం" అంది పెద్దక్క.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారం తిరిగేసరికి అయిదుగురయ్యారు. మధ్యలో నన్ను పలకరిస్తే ఊపిరి లెక్క తప్పుతుందని ఇంకో అబద్ధం చెప్పాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే వంద కావాలంటారు, నావి పది పదిహేను దగ్గర ఆగాయి, అది నా గొప్ప కాదు. నెలలో నేను నమాజు చేయని రోజులు ఉంటాయి కదా, ఆ రోజుల్లో కూడా వాళ్ళు మానలేదు. నేను కూర్చుని టీ తాగుతుంటే, వాళ్ళు వరుసగా నిలబడి వంగి లేచేవాళ్ళు. "బద్ధకించకే, రోజూ చేస్తేనే గుణం" అని పెద్దక్క నాకే బుద్ధి చెప్పింది. అప్పుడు నా ముఖం నువ్వు చూడాల్సింది.

నవ్వుతున్నావు కదూ? నవ్వు. కానీ లోపల నాకు ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. నేను అల్లా ముందు నిలబడటాన్ని కసరత్తు అన్నది వాళ్ళు కాదు, నేను.

సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. ఆ మర్నాడే పెద్దక్క ఇంకో పని చేసింది. తనకు తెలిసిన డాక్టరమ్మను బతిమాలి, గురువారం అన్నం వేళకు షాపుకే వచ్చి నా నడుము చూసేలా ఒప్పించింది. అవసరమైతే నన్ను వంగే పని లేని చోటికి మార్చమని ఓనరుకు కూడా చెప్పింది. ఒకవైపు నీ సలాం, ఒకవైపు డాక్టరమ్మ. బుధవారం రాత్రి నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే పెద్దక్కకు చెప్పేద్దామని ముందే వెళ్ళాను. ఆవిడ ఎదురొచ్చి, "ఇవాళ్టితో నీ బాధ తీరిపోతుందిలే" అనేసరికి చెప్పకుండానే వెళ్ళి ఫారాల ముందు కూర్చున్నాను.

డాక్టరమ్మ ఇంకా రాలేదు కదా అని జొహర్‌కు నిలబడ్డాను. అందరూ వాకిట్లో ఆవిడ కోసం చూస్తున్నారు, వెనక ఎవరూ లేరు. రెండో రకాతులో సజ్దాలో ఉండగా తలుపు దగ్గర మాటలు వినబడ్డాయి.

"పిల్లా, డాక్టరమ్మ వచ్చింది, లే!"

నేను లేవలేదు.

"ఒసే, నిన్నే! లే!"

అమ్మా, ఆ క్షణంలో లేవాలనే అనిపించింది, అబద్ధం ఎందుకు? కాళ్ళు లేవబోయాయి కూడా. ఇప్పుడు లేస్తే ఇక జన్మలో నమాజుకు నిలబడే ముఖం నాకుండదని మాత్రం తెలుసు. నుదురు నేలకు గట్టిగా ఆనించి ఉండిపోయాను.

"నడుం పట్టేసింది!" అని మౌనవ్రతం కేక పెట్టింది. "వంగింది వంగినట్టే బిగుసుకుపోయింది! బాబాయ్, రా!"

మిషను ఆగిన చప్పుడు, కత్తి బాబాయి పరిగెత్తుకొచ్చిన చప్పుడు. "నువ్వు భుజాలు పట్టు, నేను కాళ్ళు పడతా, నెమ్మదిగా లేపుదాం" అంటున్నాడు. "ముట్టుకోకండి, ముట్టుకోకండి!" అని డాక్టరమ్మ. నేను సజ్దాలోంచి లేచి కూర్చున్నాను. "లేచింది!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ సజ్దాకు వెళ్ళాను. "మళ్ళీ పడిపోయింది!" అని అందరూ గొల్లుమన్నారు. ఇంకా రెండు రకాతులు మిగిలున్నాయి. లేచి నిలబడ్డాను, వంగాను, ఏదీ వదల్లేదు, ఏదీ తొందరపడలేదు. డాక్టరమ్మకు ఏం తోచిందో, "ఆగండి, ఆమెకేమీ కాలేదు" అని అందరి నోళ్ళూ మూయించింది. ఇన్నేళ్ళలో నేను అంత శ్రద్ధగా చేసిన నమాజు ఇంకోటి లేదు.

చివర్లో కుడివైపు తిరిగి సలాం చెప్పాను. అక్కడ పెద్దక్క ఉంది. ఎడమవైపు తిరిగి సలాం చెప్పాను. అక్కడ కత్తి బాబాయి చేతులు చాచి, నన్ను పట్టుకోడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఆ, సరేనమ్మా, నీక్కూడా" అన్నాడు పాపం, ఏమనాలో తెలియక.

అప్పుడు చెప్పేశాను. నాకు నడుం నొప్పి లేదని, ఎప్పుడూ లేదని, నేను ముస్లింనని, ఇది నమాజని, రోజుకు అయిదుసార్లు దేవుడి ముందు ఇలా నిలబడతామని. ఏడుపు గొంతుతో అంతా కలగాపులగంగా చెప్పాను. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, వచ్చింది కాబట్టి నా వీపు నొక్కి చూసి, "ఈ షాపులో ఇంత గట్టి నడుము ఇంకెవరికీ ఉండదు" అంది. పెద్దక్క మాత్రం నవ్వలేదు.

"నాలుగు నెలలు నీ కట్టలు మోశానే" అంది. "నీ దేవుడికి నువ్వు దండం పెట్టుకుంటే నేను వద్దంటానా? నా నడుం విరగ్గొట్టావు కదే!"

అంతే. ఇక ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నమాజు చూసి నవ్వుతారని భయపడ్డాను, ఒక్కరూ నవ్వలేదు. అబద్ధానికి కోపం వచ్చింది, రావాల్సిందే. మధ్యాహ్నం నుంచి కట్టలన్నీ నేనే మోశాను. ఆవిడ చూసి కూడా చూడనట్టే ఉంది. ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో మీ అల్లుడిని అడుగు.

మర్నాడు అన్నం వేళకు పెద్దక్క వచ్చి నా పక్కన కూలబడింది.

"నుదురు నేలకు పెట్టినప్పుడు లోపల ఏమంటావు?" అని అడిగింది.

"నా ప్రభువు పరమ పవిత్రుడు, అందరికంటే ఉన్నతుడు అని మూడుసార్లు."

"మేం ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టాం" అంది. "తప్పేమైనా జరిగిందా?"

తప్పు లేదన్నాను. నువ్వు ఈ మాట నాన్నను కూడా అడిగి రాయి. పెద్దక్క చిన్నపిల్లలా నా వైపు చూసి, "ఆ మొదటిరోజు నేను దారం ఉండ కోసం వచ్చినప్పుడు నువ్వు వంగినదానివి లేచేశావు. అప్పుడు కూడా ఇదేనా? నేను పిలిచి చెడగొట్టానా?" అంది.

అమ్మా, ఈ ఉత్తరం ఇంత పొడుగు రాసింది ఈ ఒక్కమాట దగ్గరకు రాలేకే. పైన రాసినప్పుడు దీన్ని దాటేశాను. ఆ మొదటిరోజు నేను సజ్దాలో ఉన్నాను. "ఏం చేస్తున్నావే" అన్న ఒక్క పిలుపుకు నమాజు సగంలో తెంచేసి లేచి, నడుం పట్టుకున్నాను. అల్లా ముందునుంచి లేచిపోయాను. నువ్వు నేర్పిన నమాజు, నీ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నది. ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ చేసుకున్నాను, క్షమాపణ అడిగాను. కానీ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీ అల్లుడికి కూడా. గది లేదని చెప్పడానికి సిగ్గేసింది, ఇది చెప్పడానికి భయమేసింది. నువ్వు నన్ను క్షమించాలి.

పెద్దక్కతో అదే చెప్పాను. "నువ్వు చెడగొట్టలేదు పెద్దక్కా, నేనే లేచిపోయాను" అన్నాను. నీ సలాం కూడా అప్పుడే చెప్పాను. చేయని ఉపకారానికి నువ్వు రోజూ ఆమె కోసం దుఆ చేస్తున్నావని చెప్తే, ఆవిడ చాలాసేపు ముక్కు చీదుకుంది. తర్వాత లేచి కొంగు బిగించింది.

"పద. టైమయిపోతోంది. ఇవాళ నిన్ను ఎవరు లేపుతారో నేనూ చూస్తా."

స్టోరు రూములో దొంతరలు రెండు తానే పక్కకు నెట్టించి, నేల ఊడ్చి, నన్ను లోపలికి పంపి గుమ్మంలో అడ్డంగా స్టూలేసుకు కూర్చుంది. నేను మూడో రకాతులో ఉండగా ఓనరు గొంతు వినబడింది. ఏదో ఆర్డరు తొందరట, నన్ను పిలవమంటున్నాడు.

"ఇప్పుడు కుదరదు" అంది పెద్దక్క.

"నేనే స్వయంగా వచ్చి అడుగుతుంటే కుదరదా? ఎవరితో ఉంది లోపల?"

"మీకంటే పెద్ద ఓనరుతో మాట్లాడుతోంది. కూర్చోండి, అయిపోగానే వస్తుంది."

పైకి నవ్వితే నమాజు పోతుందని నువ్వే కదమ్మా నేర్పావు. కడుపులోంచి నవ్వు తన్నుకొస్తుంటే, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, పెదవులు బిగబట్టి నిలబడ్డాను. నవ్వలేదు. కదల్లేదు. అవతల ఓనరు నిజంగానే కాగితం కట్ట మీద కూర్చుని ఎదురుచూశాడు. నేను నాలుగు రకాతులూ చివరిదాకా చేశాను.

ఇట్లు,
నీ క్షమాపణ కోసం, నీ జవాబు కోసం ఎదురుచూసే
నీ పెద్దమ్మాయి